తూర్పు కిటికీ కింద గుంట

మా కాంట్రాక్టరు ఎలాంటివాడని ఇల్లు కట్టించుకోబోయేవాళ్లు ఇప్పటికీ వచ్చి అడుగుతుంటారు. మంచివాడేనని చెబుతాను. గోడలు ఎక్కడా బీటలివ్వలేదు. మంగళగిరిలో మా వీధంతా వానకి మునిగిన రోజున కూడా మా గడప లోపలికి చుక్క నీరు రాలేదు. మాటిచ్చిన నెలకే తాళాలు చేతిలో పెట్టాడు. అతని మీద కోపం రావడం అన్యాయమని తెలుసు. అయినా వస్తుంది.

నాన్నది గుంట మగ్గం. నేలలో మోకాళ్ల లోతు గుంట తీసి, దాని అంచున కూర్చుని, కాళ్లు అందులోకి దింపి తొక్కుతూ నేస్తారు. పాత ఇంట్లో ఆ గుంట పక్కనే తిన్నాం, దాని పక్కనే పడుకున్నాం. చిన్నప్పుడు రెండుసార్లు అందులో పడ్డాను కూడా. ఆ ఇల్లు పడగొట్టేముందు నాన్న మగ్గం విప్పి, ఏ చెక్క ఎక్కడిదో సున్నంతో గుర్తులు పెట్టి, బాబాయి ఇంటి అటక మీద దాచాడు. నాకు ఒక్కటే చెప్పాడు.

"తూర్పు కిటికీ కింద గుంట వదలమని చెప్పమ్మా. మిగతాదంతా నీ ఇష్టం."

విజయవాడలో ఆఫీసు అయ్యాక రోజూ కాంట్రాక్టరుతో గంటల తరబడి మాట్లాడేదాన్ని. స్విచ్చులు ఎక్కడ, వంటగట్టు ఎంత ఎత్తు, టైల్స్ ఏ రంగు, అన్నీ కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను. మోసపోకూడదని నా పంతం. గుంట మాత్రం రాయించలేదు. మర్చిపోయానని అందరికీ చెప్పుకున్నాను గానీ మర్చిపోలేదు. మెరిసే కొత్త హాల్లో గొయ్యి ఉండటం నాకిష్టం లేదు. నాన్న రెండుసార్లు "చెప్పావా?" అని అడిగాడు. రెండుసార్లూ చెప్పానన్నాను. తర్వాత ఎలాగోలా నచ్చజెప్పొచ్చులే అనుకున్నాను.

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు నాన్న వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు.

"గుంట ఎప్పుడు తీస్తారండీ?" అని కాంట్రాక్టరుని అడిగాడు.

"ఇక్కడ గుంటేంటి పెద్దాయన గారూ? దీని కిందే నీళ్ల సంపు ఉందండీ. ఈశాన్యం కదా, స్థలం చాలక హాలు కింద కట్టాం. ముందే అనుంటే ఇంకో చోట పెట్టేవాణ్ణి." నా వైపు తిరిగాడు. "మేడం గారు ఎప్పుడూ చెప్పలేదండీ."

నాన్న నా వైపు చూడలేదు. వంగి టైల్స్ మీద అరచెయ్యి ఆనించాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది.

మిగతా గదుల్లో మగ్గం పట్టదు. వేరేవాళ్ల షెడ్డుకి వెళ్లమంటే, ఈ వయసులో ఇంకొకరి మగ్గం మీద కూర్చోలేనన్నాడు. చెక్కలు ఇంకా ఆ అటక మీదే ఉన్నాయి. పొద్దున్నే తూర్పు కిటికీ కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలని నొక్కుతుంటాయి. నేను చూస్తే ఆపేస్తాడు.

మొన్న పక్కవీధి ఆవిడ వచ్చి కాంట్రాక్టరు గురించి అడిగింది. నేను నోరు తెరిచేలోపే కుర్చీలోంచి నాన్న అన్నాడు.

"మంచోడేనమ్మా. చెప్పినవన్నీ చేశాడు."