గుమ్మడికాయకు తొలి గాటు

మా ఇంట్లో ఇప్పుడు మనుషుల కంటే కోళ్లు ఎక్కువ. మనిషినంటే నేనొక్కదాన్నే కదా. ఆయన పోయినాక ఉదయగిరి బస్టాండు కాడుండే అంగడి అద్దెకిచ్చేసి, కొండ పక్క ఈ ఇంట్లో ఉండాను. పొద్దున వండిందే రాత్రికీ సరిపోద్ది. మాట్లాడను ఎవురున్నారు? టీవీకి ఏం చెప్పినా ఊఁ కొట్టదు. అందుకని కోళ్లను తెచ్చుకున్నాను. అవైతే అరస్తాయి, నా చేత తిట్లు తింటాయి.

గుమ్మడి పాదు మాత్రం నేను పెట్టింది కాదు. అంట్లు తోమిన నీళ్లు పోయే కాడ ఎప్పుడో పారేసిన గింజలు వానకు మొలిచినాయి. పీకేద్దామనుకున్నా, చెయ్యి రాలేదు. చూస్తా ఉండంగానే తీగ గోడెక్కి, బాత్రూం రేకులెక్కి, కాసిందమ్మా కాయడం! ఒక్కోటి బిందెంత. నాకా, గుమ్మడికాయ పులుసంటే పెద్ద ఇష్టం లేదు. ఇష్టమంతా ఆయనకే. ఆయన లేని ఇంట్లో బెల్లమేసి ఆ పులుసు ఎవురి కోసం పెట్టేది? కోళ్లకు వెయ్యడం మొదలుపెట్టినాను. సగానికి చీల్చి పడేస్తే చాలు, కండంతా పొడిచి పొడిచి తొక్కను గిన్నె మాదిరి మిగులుస్తాయి. గింజలు తింటే కడుపులో పురుగులు పోతాయని కూడా అంటారు.

కొయ్యడం కాడే వచ్చింది చిక్కు. మా పక్క నిండు గుమ్మడికాయకు ఆడవాళ్లు కత్తి పెట్టరు. తొలి గాటు మగోళ్లు పెట్టాల, ఆ తర్వాత ముక్కలు మనం కోసుకోవచ్చు. అవ్వల కాలం నుంచీ అంతే. ఆయనున్నన్నాళ్లూ అదొక ఆచారమని కూడా తోచలేదు నాకు. "ఇట్ట రావయ్యా" అంటే వచ్చి ఒక గాటు పెట్టి, పేపరు చదువుకోను పోయేవాడు.

గోడ అవతల జీవాలు మేపుకునే అన్న ఉండాడు. నాకంటే బాగా పెద్దోడు. మొదటిసారి గోడ మీంచే పిలిచినాను, "అన్నా, ఈ కాయకు ఒక గాటు పెట్టిపో" అని. వచ్చినాడు, పెట్టినాడు. పనిచేయించుకోని ఊరకే ఎట్ట పంపేది? టీ ఇచ్చినాను. మెట్టు మీద కూర్చోని, దుత్తలూరు కాడ మంచి వాన పడిందనీ, సీతారామపురం బస్సు మళ్లా రాలేదనీ, ఒక గొర్రెకు కాలు విరిగిందనీ చెప్పినాడు. ఏముంది అందులో? ఏమీ లేదు. కానీ అన్నం తింటా ఆ గొర్రె కాలు గురించే ఆలోచించినాను. ఇంకొకరి కష్టం నా చెవిన పడి ఎన్నాళ్లయిందో.

ఇంకేముంది, మా కోళ్లకు గుమ్మడికాయ పిచ్చి పట్టింది. సగం కాయ ఇంకా ఉండంగానే ఇంకోటి దించేదాన్ని. "అన్నా, కోళ్లు ఆకలికి అరస్తా ఉండాయి" అని పిలిచేదాన్ని. పాపం, అవేమో తిని తిని కదల్లేక నీడన పడుండేవి. ఎదురింటామె ఒకనాడు, "ఏందిమే, మీ కోళ్లకు రోజూ పెళ్లిభోజనాలే!" అని నవ్వింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను గింజల సంగతీ పురుగుల సంగతీ అడక్కుండానే గడగడా చెప్పేసినాను.

ఆత్మకూరులో ఉండే మా చెల్లెలైతే ఫోన్లో ఒకటే నవ్వు. "ఈ కాలంలో ఇంకా మగోళ్ల గాటేందక్కా? కత్తి తీసుకోని నువ్వే కొయ్యి." నాకు తెలీదా? కోస్తే కళ్లు పోతాయని నేనేం భయపడలేదు. నాకు కావాల్సింది గాటు కాదు. ఒక గ్లాసు టీ తాగిందాకా ఆ మెట్టు మీద ఒక మనిషి కూర్చోవాల. ఆ మాట సొంత చెల్లెలికి చెప్పను కూడా నాకు నోరు రాలేదు.

వరికోతలైనాక అన్న జీవాలను తోలుకోని జలదంకి దిక్కు పోతాడు, కోసిన కయ్యల్లో మేతకు. మళ్లా వానలు పడిందాకా రాడు. పోయే ముందునాడు నేను పిలవకుండానే వచ్చినాడు. నాకెంత సంతోషమో! మంచి టీ పెడదామని అల్లం దంచను లోపలికి పోయినాను. బయటికొచ్చి చూస్తే, వసారాలో వరసగా పెట్టిన కాయలన్నిటికీ తలా ఒక గాటు పెట్టేసి, కత్తి తుడస్తా ఉండాడు.

"నేను లేనప్పుడు నువ్వు ఇబ్బంది పడతావని అన్నిటికీ పెట్టేసినానమ్మా. ఇంక ఎవుర్నీ పిలవబళ్లేదు" అన్నాడు.

ఎంత మంచి మనిషి! ఎంత పని చేసినాడు! "మంచిదన్నా" అన్నాను. గాటు పడిన కాయ ఆగదు కదా. నీళ్లు కారి, ఈగలు ముసిరి, ఒక్కోటే మెత్తబడతా వచ్చినాయి. వీధిలో ఇచ్చినన్ని ఇచ్చి, మిగతావి కోళ్లకు వేసినాను. అన్న చెప్పినట్టే ఎవుర్నీ పిలవబళ్లేదు. ఎండాకాలమంతా మా గేటు గడియ పాలామె కోసం తప్ప తియ్యలేదు.

ఎండిన తీగ లాగేస్తా ఉంటే రేకుల మీద ఒక కాయ దొరికింది. గాటు పడనిది. వీధిలో మగోళ్లు లేరా? పిలిస్తే ఎవురైనా పెడతారు. పిలవలేదు. వసారాలో గడ్డేసి దాని మీద పెట్టి, అప్పుడప్పుడూ తిప్పతా కాపాడినాను. కోళ్లకు నూకలు వేసినాను.

మొదటి వాన పడినాక గొర్రెల అరుపులు విని గేటు కాడికి పరిగెత్తినాను. అన్న బాగా చిక్కిపోయినాడు.

"అన్నా, ఒక కాయుండాది."

"ఇంకానా? ఈడికే తే, గాటు పెట్టేసి పోతా. మా ఆమె జీవాలను తోలుకోని ముందు పోతా ఉండాది."

నేను కదల్లేదు.

"నువ్వే కోసుకోనుంటే పోయేది కదమ్మా. ఒక్కదానివే ఉండావు, ఎవురు తప్పు పడతారు?"

"నేనే కోసుకుంటే నువ్వు మా ఇంటికి ఎందుకొస్తావన్నా?"

ఆ మాట ఎట్ట జారిందో నాకే తెలీదు. సిగ్గుతో చచ్చిపోయినాను. అన్న చేతికర్ర గోడకు ఆనించి, చెప్పులు విడిచి, వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను కాయా కత్తీ తెచ్చి ముందర పెడితే పక్కకు జరిపినాడు.

"కాయ యాడికి పోద్దిలేమ్మా. ముందు టీ పెట్టు" అన్నాడు.

లోపలికి పోయి స్టవ్వు ముట్టించి, పాలు పొంగిందాకా ఏడ్చినాను.