వేలి కణుపుల గడియారం

యుద్ధం మొదలైన మరుసటి ఏడు, వానాకాలం. బస్తర్ అప్పటికి ఇంకా రాజుల సంస్థానమే. శబరి ఒడ్డున ఒక తహసీలు ఊళ్ళో, ధాన్యం వ్యాపారి కొట్టు అరుగు మీద నా దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దదేం కాదు. ఒక బల్ల, కంటికి బిగించుకునే భూతద్దం, రాజమండ్రిలో మా గురువుగారు ఇచ్చిన చిన్న చేతి లేత్, విరిగిన గడియారాల ముక్కలున్న నాలుగు రేకు డబ్బాలు. కలప కాంట్రాక్టర్ల పడవలో ఒక రిపేరు పని మీద వచ్చి అక్కడే ఉండిపోయినవాణ్ణి. అటు గీదం దాకా, ఇటు మరైగూడ దాకా గడియారం విప్పేవాణ్ణి నేనొక్కణ్ణే.

అయితే ఆ అడవిలో గడియారాలు ఎన్ని ఉంటాయి? కాంట్రాక్టర్ల జేబుల్లో, రేంజర్ల చేతులకి, అంతే. అందుకని కుట్టుమిషన్లు, గ్రామఫోన్లు, పెట్రోమాక్స్ దీపాలు, తాళాలు, ఏది తెచ్చినా కాదనేవాణ్ణి కాదు. యుద్ధం వల్ల మద్రాసు నుంచి సామాను రావడం ఆగిపోయింది. విరిగిన పివట్, అంటే చక్రం తిరిగే ఇరుసు కొన, దొరక్కపోతే కుట్టుసూదిని అరగదీసి నేనే చేసేవాణ్ణి. అలా చేయడంలో నాకొక పిచ్చి సంతోషం ఉండేది. కొన్నవాటికంటే చేసుకున్నవే ఎక్కువ నచ్చేవి నాకు.

ఊరికంతటికీ టైము చెప్పేది మాత్రం కచేరీ గంట. వసారా దూలానికి మందపాటి కంచు పలక వేలాడేది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటగంటకీ కొయ్య సుత్తితో దాన్ని కొట్టడం లచ్చయ్య ఉద్యోగం. ఆయన దోర్ల తెగవాడు, అరవై దాటినవాడు, ముప్పై ఏళ్ళుగా అదే పని. వసారాలో గోడకి ఇంగ్లీషు డయల్ క్లాక్ ఉండేది. గుండ్రటి పెద్ద ముఖం, ఎనిమిది రోజులకొకసారి కీ. తనంతట తాను గంటలు కొట్టే రకం కాదది. అది చూసి లచ్చయ్య కొట్టాలి. ఆ మోత విని బడి మొదలవుతుంది, పహరా మారుతుంది, వాయిదాకి వచ్చినవాళ్ళు లేచి తలపాగా సర్దుకుంటారు.

ఆషాఢంలో ఒకరోజు కచేరీ నాజరు నన్ను పిలిపించాడు. నాజరు అంటే కచేరీ సామాను, బంట్రోతుల బాధ్యత చూసే గుమాస్తా. రాయపూర్ వైపు మనిషి, తెలుగూ హిందీ కలిపి మాట్లాడేవాడు.

"ఘడీసాజ్, కచేరీ ఘడీ బిగడ్ గయీ, చెడిపోయింది. నిన్న పదకొండుకి పన్నెండు కొట్టింది."

గడియారం కొట్టదు, లచ్చయ్య కొడతాడు అని అప్పుడే అని ఉండాల్సింది. కానీ గడియారం అనగానే నా బుర్ర చక్రాల్లోకి పోయింది. వానాకాలం కదా, తేమకి నూనె చిక్కబడి ఉంటుందనుకున్నాను. విప్పి, కడిగి, కొత్త నూనె వేసి ఇచ్చాను. వారం బాగానే నడిచింది. మళ్ళీ పిలుపు. ఈసారి మెయిన్ స్ప్రింగ్, అంటే కీ ఇస్తే చుట్టుకునే స్టీలు పట్టీ, తీసి చూశాను. చుక్క తుప్పు లేదు. మళ్ళీ పెట్టాను. నాలుగు రోజులకి మళ్ళీ అదే కబురు. అప్పటికి ఊళ్ళో మాట పాకింది. ఒక కాంట్రాక్టరు నా దగ్గరున్న తన జేబు గడియారాన్ని వెనక్కి తీసుకుని, జగదల్‌పూర్ వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి జరిగింది. మరైగూడ నుంచి వెంకయ్య అనే రైతు వాయిదాకి వచ్చాడు. అతని కాడెద్దులు సర్కారీ అడవిలో మేశాయని బందెలదొడ్డిలో కట్టేశారు. పొలం దున్నే రోజులు. పదింటికి కచేరీ తెరిచి అతని పేరు మూడుసార్లు పిలిచారు. అతను ఎదురుగా చెట్టు కింద కూర్చుని ఉన్నాడు, ఎందుకంటే గంట తొమ్మిదే కొట్టింది. లోపలికి వెళ్ళేసరికి కేసు మరో పక్షం రోజులకి వాయిదా పడింది. ఎద్దులు లేకుండానే వానలో తిరిగి నడిచి వెళ్ళాడు.

ఇక లాభం లేదని ఒకరోజు పొద్దున్నే నా జేబు గడియారం పట్టుకుని వసారాలో కూర్చున్నాను. ఎండ కాసిన రోజు. ఆరు, ఏడు, ఎనిమిది, అన్నీ సరిగ్గా పడ్డాయి. తొమ్మిదిన్నరకి మబ్బు కమ్మింది. పదయింది. గడియారం, నా చేతిలోది, రెండూ పది చూపిస్తున్నాయి. లచ్చయ్య లేవలేదు. వసారా బండల మీద దేనికోసమో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు. తర్వాత గడియారం దగ్గరికి వెళ్ళి, ముఖం అద్దానికి ఆనేంత దగ్గరగా పెట్టి, తల ఒక పక్కకి తిప్పి, చాలాసేపు నిలబడ్డాడు. వెనక్కి వచ్చి కొట్టాడు. పన్నెండు.

అప్పుడు అర్థమైంది. పది గంటలప్పుడు పెద్దముల్లు నిటారుగా పన్నెండు మీద ఉంటుంది. మబ్బులో ఎంతసేపు గడిచిందో అంతుపట్టక, మసగ్గా కనబడిన ఆ ఒక్క ముల్లునే ఆయన నమ్మాడు. ఇంకో సంగతి కూడా వెలిగింది. ఇన్నాళ్ళూ తప్పులన్నీ మబ్బు పట్టిన రోజుల్లోనే జరిగాయి. నేను తేమ అనుకున్నది తేమ కాదు, నీడ లేకపోవడం.

నిజం చెప్పాలంటే మొదట నాకు కలిగింది జాలి కాదు, హమ్మయ్య అన్న ఊరట. తప్పు నాది కాదు. లేచి నాజరు గదివైపు రెండడుగులు వేశాను కూడా. లచ్చయ్య నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"మేస్త్రీ, జర ఆగు," అన్నాడు. "గడియారంది కాదు తప్పు. నా కండ్లయి."

"ఎప్పటినుంచి తాతా?"

"నిరుడు ఇప్పపూల కాలం సంది. ముండ్లు రెండూ పొగ తీరు అగుపడతయి. ఎండ ఉంటే ఆ స్తంభం నీడ ఏ బండ మీదికొచ్చిందో సూసి కొడత. మబ్బు పడితే ఇగ దేవుడే."

"ఎవరికైనా చెప్పకపోయావా?"

"ఏమని జెప్పాలె? కోడలు బువ్వ పెడతది, దాని గురించి కాదు. ముప్పై ఏండ్ల సంది ఈ ఊరికి పొద్దు జెప్పినోణ్ణి. రేపటి సంది ఇంకెవరో కొడితే యిని నేను లేవాలెనా?" గొంతు తగ్గించాడు. "ఆ మరైగూడ మనిషి నా గంట నమ్మి కూసున్నడు మేస్త్రీ. నమ్మి సుట్ట కాల్చుకుంట కూసున్నడు. ఆ రోజు మా ఇంటికి తోల్కపోయి జావ పోసిన. తాగి దండం పెట్టి పోయిండు. తప్పు నాదని ఆయనకు తెల్వదు."

నేను నాజరు గదికి వెళ్ళలేదు. అలాగని ఊరుకోవడానికీ వీల్లేదు, ఇంకో వెంకయ్య చెట్టు కింద కూర్చునే ఉంటాడు. "ఎనిమిది రోజులు గడువివ్వు తాతా," అన్నాను. నాజరుతో మాత్రం, గడియారం లోపం దగ్గరుండి కనిపెట్టాలని చెప్పి నా బల్ల తెచ్చి వసారాలోనే వేసుకున్నాను. గంట కాగానే నేను పని చేసుకుంటూ గొంతు సవరించుకునేవాణ్ణి, ఆయన లేచి కొట్టేవాడు. ఎన్ని కొట్టాలో బల్ల మీద గోటితో చెప్పేవాణ్ణి. ఆ ఎనిమిది రోజులూ ఊళ్ళో టైము తప్పలేదు.

నా రేకు డబ్బాల్లో పాత గోడ గడియారం ఒకటి, ముక్కలుగా ఉంది. అది గంటలు కొట్టే రకం. అలాంటివాటిలో స్నెయిల్ అని ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. నత్తగుల్ల ఆకారంలో, అంచున పన్నెండు మెట్లు. చిన్నముల్లుతో పాటు తిరుగుతూ గంటకొక మెట్టు దిగుతుంది. దాని మీద ఒక లెవర్, అంటే మీట, వాలితే ఏ మెట్టు మీద పడిందో దాన్నిబట్టి గంట తెలుస్తుంది. ఆ బిళ్ళని కచేరీ గడియారం చిన్నముల్లు చక్రానికి బిగించి, లెవర్ రెండో కొసకి పళ్ళున్న ఇత్తడి పట్టీ తగిలించి, పెట్టె అడుగున బయటికి వచ్చేలా చేశాను. ఒంటిగంటకి ఒక పన్ను బయటికొస్తుంది, పన్నెండుకి పన్నెండూ వస్తాయి. కళ్ళక్కర్లేదు, బొటనవేలు చాలు.

చెప్పినంత తేలిగ్గా జరగలేదు. లెవర్ ఎప్పుడూ స్నెయిల్ మీదే ఆని ఉండడంతో బరువుకి గడియారం రెండు గంటల్లో ఆగిపోయింది. అప్పుడు లెవర్ని పైకి ఎత్తి ఉంచే స్ప్రింగు పెట్టి, కింద తాడు కట్టాను. తాడు లాగినప్పుడే అది వాలుతుంది, వదిలితే లేస్తుంది. గంట పూర్తవగానే చిన్న సుత్తి ఒక ఇత్తడి గిన్నెని ఒక్కసారి ణంగుమనిపించేలా పెద్దముల్లు ఇరుసుకి ఒక మేకు దిగ్గొట్టాను. ణంగుమన్నాకే తాడు లాగాలి. గడియారాన్ని చేతికందే ఎత్తుకి దించాం.

లచ్చయ్య తాడు లాగి పళ్ళు తడిమాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఏంది తాతా?"

"గొడ్డలి పట్టిన ఏళ్ళు నాయి. నీ పండ్లు సన్నగున్నయి. ఏడు దాటినంక లెక్క తప్పుతాంది."

పళ్ళు వెడల్పు చేశాను. అయినా ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా పోల్చుకోలేకపోయాడు. పట్టీ విప్పి మళ్ళీ బల్ల మీద పెట్టాను. ఆయన తన ఎడమచెయ్యి నా ముందు చాపి, బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ పోయాడు.

"మేం ఇప్పపూల గంపలు గిట్ల లెక్కబెడతం. ఏలికి మూడు కణుపులు, నాలుగేళ్ళకి పన్నెండు. నీ ఇత్తడిని కూడా నా ఏళ్ళ తీరు జెయ్యరాదూ?"

నాలుగు వేళ్ళు, పన్నెండు కణుపులు, పన్నెండు గంటలు. పుట్టినప్పటినుంచీ నా చేతికీ అవే వేళ్ళున్నాయి, ఎన్నడూ తట్టలేదు. ఆ మధ్యాహ్నమే కొత్త పట్టీ కోశాను. మూడు పళ్ళు, ఒక ఎడం, మూడు పళ్ళు, ఒక ఎడం. ఆయన తాడు లాగి ఒకే ఒక్కసారి బొటనవేలు జార్చి, "మూడు," అన్నాడు. గడియారం చూశాను. మూడే. చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేనూ నవ్వాను.

నాలుగు రోజుల తర్వాత నాజరు కంట తాడు పడింది. "యే క్యా హై?" అన్నాడు. తేమని కొలిచే ఏర్పాటని ఒక అబద్ధం సిద్ధం చేసి పెట్టుకున్నాను. నేను నోరు తెరిచేలోపే లచ్చయ్య ముందుకొచ్చాడు.

"సాబ్, నాకు కండ్లు సరిగ కానొస్తలేవు. మరైగూడ మనిషి వాయిదా తప్పింది నా వల్లనే. మేస్త్రిది తప్పు లేదు. ఇప్పుడు దీంతోటి కొడుతున్న. తీసేస్తరో ఉంచుతరో మీ హుకుం."

నాజరు గడియారం దగ్గరికి వచ్చాడు. తర్వాత కళ్ళు మూసుకుని తానే తాడు లాగాడు. పళ్ళు తడిమి, "ఆఠ్," అన్నాడు. ఎనిమిది. లచ్చయ్య బొటనవేలు ఆనించి, "గ్యారా, సాబ్," అన్నాడు. గడియారంలో పదకొండు దాటి అయిదు నిమిషాలు.

"నా హుకుంలో గంట టైముకి కొట్టాలని ఉంది," అన్నాడు నాజరు, ఒక్కొక్క మాటే కూర్చుకుంటూ. "కళ్ళతో చూసి కొట్టాలని ఎక్కడా లేదు. నెల రోజులు పదింటి గంట నేను నా గడియారంతో సరిచూస్తాను. ఒక్కటి తప్పినా ఇంటికే."

వెంకయ్య రెండో వాయిదా రోజు జోరున వాన. పొద్దు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. లచ్చయ్య తాడు లాగాడు, తడిమాడు, పది కొట్టాడు. పదో దెబ్బ మోత ఆగకముందే వెంకయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పేరు పిలిచారు, పలికాడు. సాయంత్రానికి ఎద్దులు విడిచిపెట్టారు. అప్పటికే అదను దాటింది, ఆ ఏడు అతనికి పంట తక్కువే వచ్చింది. ఆ సంగతి లచ్చయ్య మరిచిపోలేదు. వెంకయ్య ఎద్దులు తోలుకుపోతుంటే వానలోనే వెనకాల నడిచి వెళ్ళి, ఆ రోజు తప్పు గంట కొట్టింది తనేనని చెప్పి వచ్చాడట. వెంకయ్య ఏమన్నాడని అడిగాను. "ఏమంటడు? ఎద్దుల తాడు నా చేతిలో పెట్టి, ఊరి పొలిమేర దాకా నువ్వే తోలు తాతా అన్నడు," అన్నాడు.

నాజరు పెట్టిన నెల గడిచింది. తర్వాత మరో నాలుగేళ్ళు లచ్చయ్య గంట కొట్టాడు. చివరికి కాళ్ళు సహకరించక తనే మానుకున్నాడు.

ఆ తర్వాత చాలా గడియారాలు విప్పాను, కష్టమైనవి కూడా. కానీ నా పని పద్ధతి మార్చింది ఇదొక్కటే. మూడుసార్లు ఆ గడియారం కడుపు చీల్చి చూశాను గానీ, దాని ముందు నిలబడి చదివే మనిషిని ఒక్కసారి చూడలేదు. గడియారం ఒక్కటే టైము చెప్పదు. చదివే కన్నో వేలో కలిస్తేనే అది పూర్తవుతుంది. అప్పటినుంచీ ఎవరైనా వచ్చి గడియారం సరిగ్గా నడవడం లేదంటే, వెంటనే భూతద్దం పెట్టుకోను. బల్ల ముందున్న ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, "ముందు ఇందులో టైమెంతయిందో మీరు చదివి చెప్పండి," అంటాను. వాళ్ళు చదువుతుంటే గడియారం వైపు కాదు, వాళ్ళ ముఖం వైపు చూస్తాను.