షట్టరు దించి టొబాగోకు

ప్రహ్లాద్ మధ్యాహ్నం అన్నం నిలబడే తింటాడు. సంగారెడ్డి పాత బజారులో ఆయనది బోరు మోటార్లు, ప్లాస్టిక్ పైపుల దుకాణం. కూర్చుంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుందని భయం. వెనకే ఇల్లు. భార్య ప్రభావతి డబ్బా విప్పి కౌంటరు మీద పెడితే, ఆయన రోడ్డు వైపు చూస్తూ ముద్ద మింగుతాడు.

2006 ఎండాకాలంలో అమ్మకాలు బాగా నడిచి, పైపుల కంపెనీ వాళ్లు ఇద్దరికీ కలిపి టూరు ఇచ్చారు. ట్రినిడాడ్, టొబాగో. వెస్టిండీస్‌లో జంట దీవులు. ఇంతకుముందు బ్యాంకాక్ ఇస్తే దాని బదులు వాషింగ్ మెషీన్ అడిగాడు. సింగపూర్ ఇస్తే ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. ఈసారి కంపెనీ పంపిన రంగుల కాగితం ముందుగా ప్రభావతి చేతికి చిక్కింది. నలభై దాటినా ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు.

“పెద్ద దీవిల బజార్లు చూద్దం. ఆడికెల్లి స్టీమరెక్కి చిన్న దీవికి పోతే, ఇగ మిగిలిన రోజులన్నీ నీళ్ల ఒడ్డునే,” అంది.

“ఒకటి చూస్తే చాలదా?”

“సంగారెడ్డి వచ్చినోళ్లకు పటాన్‌చెరు చూపియ్యమా?”

“చుట్టూ నీళ్లున్న ఊళ్లె బోరు మోటారు ఎవడు కొంటడు?”

“మీరు అమ్మనీకి పోతలేరు. చూడనీకి పోతున్నరు.”

గల్లా పెట్టెను ఆయన ఇంకొకరికి అప్పగించడు. షట్టరు పగటిపూట దించింది తల్లి చనిపోయినప్పుడు ఒక్కసారే. అయినా పాస్‌పోర్టుకు ఇద్దరూ స్వయంగా రావాలన్నారు. ఒక సోమవారం షట్టరు ఎత్తకుండానే, ఎవరికీ చెప్పకుండా సికింద్రాబాద్ బస్సెక్కారు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి దుకాణం ముందు జనం. మోటారు కోసం బొంతపల్లి నుంచి వచ్చిన రైతు మొగులయ్య, తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతిలో పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పక్క కిరాణం అరుణమ్మ క్యారియరు నిండా అన్నం, పప్పు తెచ్చింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా.

“ఎవరు పోయిన్రు వదినా?” అంది గొంతు తగ్గించి.

“ఎవరికీ ఏం కాలే. పాస్‌పోర్టు కోసం సికింద్రాబాద్ పోయొచ్చినం.”

“మరి నేను పొద్దటిసంది ఏడ్చింది ఎవరి కోసం?”

“నేనైతే నువ్వే అనుకున్న సేటూ,” అన్నాడు మొగులయ్య. “నీ గురించి మంచిగనే చెప్పిన. కావాలంటే వీళ్లనడుగు.”

అందరూ నవ్వారు, ప్రహ్లాద్ తప్ప.

“ఒక్క రోజుకే గిట్లయితే, పది రోజులు మూస్తే నాకు కర్మకాండ చేసేస్తరు. వద్దు. కంపెనీకి ఫోన్ చేసి ఏసీ అడుగుత,” అని లోపలికి పోయాడు.

“జెర చెప్పి పోవాలె గదమ్మా,” అన్నాడు మొగులయ్య. “చెప్తే మాకెందుకు పరేషాన్?”

ప్రభావతి ఆ మాట పట్టుకుంది. బోర్డులు రాసే చిన్నరాములు కూడా పరామర్శకు వచ్చి అక్కడే ఉన్నాడు. షట్టరు ఎట్లాగూ దించే ఉంది. రంగు డబ్బా తెమ్మంది.

“ఏం రాయాలె అమ్మా?”

“ఇంట్ల అందరం మంచిగున్నం. ట్రినిడాడ్, టొబాగో దీవులు చూడనీకి పోతున్నం. పదకొండో రోజు దుకాణం తెరుస్తం.”

“పదకొండో రోజంటే మల్ల అదే అనుకుంటరు వదినా. తారీఖు రాయించు,” అంది అరుణమ్మ.

ఆఫీసులో ఎవరూ ఫోన్ ఎత్తక ప్రహ్లాద్ బయటికి వచ్చేసరికి, చిన్నరాములు డిసెంబరు 17 దగ్గర చివరి అంకె దిద్దుతున్నాడు.

“తుడిస్తే పోతదా ఇది?”

“యాడ పోతది సేటూ, నూనె రంగు.”

ఆ తర్వాత రోజూ దుకాణం మూయగానే బజారంతా ఆ రాత చదివింది. టొబాగోలో చలి ఉంటుందా అని పోయేవాడూ వచ్చేవాడూ అడిగారు. ఏసీ మాట మళ్లీ ఎత్తడానికి ప్రహ్లాద్‌కు మొహం చెల్లలేదు. వారం తర్వాత, ముద్ద చేతిలో పట్టుకుని, “ఆడ పప్పన్నం దొరుకుతదా?” అన్నాడు.

డిసెంబరు ఏడున ఇద్దరూ హైదరాబాద్ బస్సెక్కారు. ఉన్నవి మూడు సంచులు. అందులో ఒకటి నిండా మామిడికాయ తొక్కు, సకినాలు.