తెర పట్టుకున్న మేనమామ

మా పెద్ద మేనకోడలి పెళ్లికి ఫొటోలు తీసిన అమ్మాయిని నేను చాలాకాలం క్షమించలేదు. నాందేడ్‌లో అదే ఆమె మొదటి పెళ్లి పని. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకున్న మేనమామను నేను. ఆల్బంలో మాత్రం తెర అంచున నా చేతులే ఉన్నాయి. ఆమె ఎక్కడ కనిపించినా వదిలేవాణ్ణి కాదు.

"ఏంది బిడ్డా, నాకు తలకాయ లేదా?"

"చేతులు మంచిగచ్చినయి గద మామా!" అని నవ్వేది.

చిన్న మేనకోడలి పెళ్లికి నన్ను అడగకుండా మళ్లీ ఆమెనే పిలిచారు. ముందురోజే ఇంటికొచ్చి, పీటల మీద రెండు దిండ్లు నిలబెట్టి, నా చేతికి దుప్పటి అంచు ఇచ్చింది. ఇల్లంతా తిరుగుతూ, "ఇంకొక్కటి మామా, ఇంకొక్కటి" అంటూ ఫొటోలు తీసింది. ఆమె 'ఇంకొక్కటి' ఎప్పటికీ అయిపోదు.

"దిండ్లకు లగ్గం చేస్తున్నవా?"

"నీ తలకాయ కోసమే మామా. ఏడ నిలబడితే కనవడ్తదో చూస్తున్న."

మర్నాడు తెర దిగింది. అక్షింతలు కురిశాయి. అందరూ వధూవరులను చూస్తుంటే ఆమె కుర్చీ ఎక్కి, వాళ్లతోపాటు నన్నూ కెమెరాలోకి తీసుకుంది.

ఆ ఫొటోలో నేను పెళ్లిపిల్ల పక్కన నోరంతా తెరిచి నవ్వుతున్నాను. నాకు నవ్వడం వచ్చని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అందుకే దాన్ని గుమ్మానికి ఎదురుగా తగిలించాను.