పేపర్లో పడ్డ మొర్రి పలుకుల ధర

గోదావరిఖనిలో విలేకరిగా ఉన్న ఇన్నేళ్లలో నేను రాసినవాటిలో జనం ఎక్కువగా నమ్మింది వార్తలను కాదు, జిల్లా పేజీ అడుగున వచ్చే ధరల పట్టికను. బొగ్గు గనుల సమ్మె గురించి రాస్తే చాయ్ హోటల్ దగ్గర నిలదీసేవాళ్లు కూడా ఉల్లిగడ్డ ధరను ఎప్పుడూ ప్రశ్నించలేదు.

ఆ పట్టిక కోసం సాయంత్రం నాలుగైదు ఫోన్లు చేసేవాణ్ణి. కూరగాయల ధరలు ఇద్దరు ముగ్గురిని అడిగేవాణ్ణి. అడవి సరుకు కొనే దుకాణం నాకు తెలిసి బజారులో ఒక్కటే. ఇప్పపువ్వు, తేనె, పగలగొడితే మిఠాయిల్లో వేసే సారపప్పు వచ్చే మొర్రి పలుకులు, వీటన్నిటి ధరా ఆ సేటు చెప్పిందే రాసుకునేవాణ్ణి. అందులో తప్పుందని అప్పట్లో తోచలేదు.

ఒక ఎండాకాలం పొద్దున అదే దుకాణంలో కూర్చుని చాయ్ తాగుతున్నాను. మంథని అవతలి అడవి ఊరి నుంచి ఒక కోయ మహిళ మొర్రి పలుకుల మూటతో వచ్చింది. సేటు మచ్చు చూడాలంటూ గుప్పెడు తీసి డబ్బాలో వేసుకున్నాడు. అలా తీసిన గుప్పెడు మళ్లీ మూటలోకి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. ధర చెప్పి, తక్కెడ పక్కన స్తంభానికి అంటించిన పేపరు ముక్క చూపించాడు. అది నా పట్టికే.

ఆమె మూట మీద నుంచి చేయి తీయలేదు. పోయినేడు వాన నీళ్లు పొయ్యిలోకి వచ్చాయని, ఈసారి వానల్లోపు ఇంటికి రేకులు వేయించాలని, అందుకు ఈ మూటే ఆధారమని చెప్పింది. మంచిర్యాలలో ఇంతకంటే ఎక్కువ ఇస్తున్నారని చెల్లెలు ఫోన్ చేసిందట. సేటు నవ్వాడు. ఫోన్లో ఎవరేమైనా చెబుతారు, ఇది అచ్చులో పడింది అన్నాడు. రాసిన మనిషి కూడా ఇక్కడే ఉన్నాడంటూ నన్ను చూపించాడు.

ఆమె నా వైపు తిరిగింది. “పేపర్ల రేటు రాసేది నువ్వేనా సారు?”

“నేనే అక్కా.”

“నీకెవలు చెప్తరు?”

నా చేతిలో ఉన్నది ఆయన తెప్పించిన చాయ్. సేటు నా జవాబు కోసం చూస్తున్నాడు.

“ఈ సేటే చెప్తడు” అన్నాను.

సేటు తడబడలేదు. “కొనెటోన్ని నేను. రేటు నాకు గాక ఇంకెవలికి తెలుస్తదక్కా?”

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఈయన చెప్తె నువ్వు రాస్తివి. నువ్వు రాసినవని ఈయన చెప్పవట్టె. మంచిగున్నది మీ దోస్తానం.”

మూట మెడ బిగించి కట్టి నెత్తికెత్తుకుంది. బస్టాండు దాకా వెంట నడిచాను. మంచిర్యాలలో నాకు తెలిసిన వ్యాపారి ఉన్నాడని, అడిగి చెబుతానని ఫోన్ తీశాను.

“ఆయన కొనెటోడా, అమ్మెటోడా?” అంది.

కొనేవాడే అన్నాను.

“మరి ఆయన్నడిగి ఏం జేస్తవ్? నేను పోయి అమ్మెటోళ్లనే అడుగుత” అని మంచిర్యాల బస్సెక్కింది.

ఆ సాయంత్రం పట్టికలో మొర్రి పలుకుల గడి ఖాళీగా పంపాను. ధర ఏదని డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. తెలియదన్నాను. అయితే నిన్నటిదే వేస్తామన్నారు. వేశారు. మర్నాడు ఆ ముక్క కూడా స్తంభానికి ఎక్కింది.

వానలు మొదలయ్యాక ఆమె వారపు అంగడిలో కనిపించింది. రేకుల సంగతి అడిగాను. వేయించామని, పొయ్యి పొడిగా ఉందని చెప్పింది. ఇకనైనా సరైన ధర రాద్దామని, మూట మంచిర్యాలలో ఎంతకు పోయిందని అడిగాను.

ఆమె నా చొక్కా జేబులోని పెన్ను వైపు చూసింది.

“నువ్వు రాస్తె ఆ సేటు సదువుతడు. అమ్మెటోళ్లకు నేనే చెప్పిన. నీకెందుకు చెప్పాలె సారు?”