శనివారం పూట అలియాబాద్‌కి చిమ్మిలి పట్టుకెళ్ళాను

మనకి ఇవ్వాలని ఎంతో ఇష్టంగా తెచ్చినదాన్ని "కింద పెట్టు" అంటే, ఆ తెచ్చిన మనిషి ఏమనుకుంటుంది? పన్నెండేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మొన్న రెండో శనివారం నేనూ నా స్నేహితురాలు సువర్ణా మేడ్చల్, శామీర్‌పేటల వైపు తిండియాత్రకు బయల్దేరింది పైకి మీకోసమే. "ఊరికి ఉత్తరాన దాబాలు తప్ప తినడానికేముంది?" అని ఈ బ్లాగులో చాలామంది అడిగారు కదా. చాలా ఉంది, చెప్తాను. కానీ నేను బస్సెక్కింది ముందుగా నా ప్రశ్న కోసం.

సంగతి ఇదీ. మేము మచ్చ బొల్లారంలో ఇల్లు కట్టుకుని దిగింది తొంభై ఆరులో. కాలనీలో అప్పటికి పదిళ్ళు కూడా లేవు. ఉద్యోగాల మీద కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళమే అందరమూ. నాకింకా ఉద్యోగం రాలేదు. ఎం.ఏ. పట్టా పెట్టెలో దాచుకుని, ఎవరైనా మాట్లాడేవాళ్ళు దొరుకుతారా అని గేటు వైపు చూస్తూ ఉండేదాన్ని. బుధవారం, ఆదివారం యాదమ్మ అలియాబాద్ నుంచి తట్టలో చేపలు తెచ్చేది. శామీర్‌పేట చెరువులో వాళ్ళాయన పట్టినవి. అమ్మకం అయ్యాక మా వరండాలో కూర్చుని మూట విప్పేది. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు. నేను నా కంచం తెచ్చుకుని పక్కన చేరేదాన్ని. ముద్దపప్పు, ఆవకాయ నా వంతు. "గీ పప్పుల కారమే లేదక్కా, పసిపిల్లలకు వెడ్తరా?" అని ఆమె ఎగతాళి చేసేది. ఆమె తొక్కు నాలిక్కి తగలగానే నేను మంచినీళ్ళ చెంబుకోసం లోపలికి పరిగెత్తేదాన్ని. తిండి గురించి అంత సేపు మాట్లాడుకోగలిగిన మనిషి నాకు ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

ఒక శనివారం ఆమె తట్ట లేకుండా వచ్చింది. శనివారం మా ఇంట్లో నీచు ముట్టమని ఆమెకు తెలుసు. మోదుగాకు పొట్లంలో నువ్వుల ఉండలు పెట్టుకుని, నాకోసమే, బస్సెక్కి వచ్చింది. "పట్టు అక్కా, పొద్దుగాల్నే చేసిన" అంటూ చెయ్యి చాపింది. మావైపు నువ్వులు చేతి నుంచి చేతికి అందుకోరు. అందులోనూ శనివారం అస్సలు అందుకోరు. అందుకుంటే శని చుట్టుకుంటుందని నమ్మకం. ఆలోచించే వ్యవధి కూడా లేకుండా నా చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. "కింద పెట్టు యాదమ్మా" అన్నాను. ఎందుకో చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని కూడా తోచలేదు. ఆమె పొట్లాన్ని మెట్టు మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు వచ్చింది గానీ వరండాలోకి రాలేదు. గేటు దగ్గరే చేపలిచ్చి కదిలింది. మూడో వారం నుంచి అసలే రాలేదు.

అందుకే ఈసారి బయల్దేరే ముందు రాత్రి నువ్వులు వేయించి, బెల్లం వేసి రోట్లో దంచి, చిమ్మిలి ఉండలు చేశాను. శనివారమే వెళ్ళాలని, ఈసారి నువ్వుల్ని చేత్తోనే ఇవ్వాలని పట్టుబట్టాను. సువర్ణ మా ఆఫీసులోనే పనిచేస్తుంది, పుట్టింది సిద్దిపేట వైపు. ఎనిమిదేళ్ళుగా మధ్యాహ్నం మా డబ్బాలు తారుమారవుతూనే ఉన్నాయి. "పన్నెండేండ్ల కింది నువ్వులకు గిప్పుడు జవాబు అడుగుతవా? నీ అంత పరేషాన్ మనిషిని నేను సూడలే" అంది. అంది గానీ ఆరున్నరకల్లా నా గేటు ముందుంది.

మచ్చ బొల్లారం నుంచి కొంపల్లికి షేర్ ఆటోలో మనిషికి పది రూపాయలు. అక్కడ మేడ్చల్ బస్సు ఎక్కితే ఏడూ నలభైకి దిగిపోయాం. మేడ్చల్‌లో టీ తాగి ఆగిపోకండి. ఇంకో ఆటో ఎక్కి అత్వెల్లి దాకా వెళ్ళండి. రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద ఒక అవ్వ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తుంది. అరచేతుల మధ్య పిండిని తిప్పుతుంటే రొట్టె చంద్రబింబంలా పెరిగిపోతుంది. పెనం మీద పడ్డాక తడిచేత్తో ఒక్కసారి నిమురుతుంది. రెండు రొట్టెలు, పుంటికూర (మన గోంగూరే) పప్పు, ఉల్లిగడ్డ, గ్లాసెడు సల్ల (మజ్జిగ), అన్నీ కలిపి పదిహేను రూపాయలు. నేను నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టగానే అవ్వ కసిరింది. "రొట్టె వేడిమీద తినాలె బిడ్డా. సల్లగైనంక రాసుకో నీ రాతలు."

మా ఇద్దరికీ ఒక నియమం ఉంది. ఎక్కడికెళ్ళినా మా ఇంటి వంట ఒకటి పట్టుకెళ్ళి, వండినవాళ్ళకి రుచి చూపిస్తాం. ఆ రోజు అవ్వకి నా కందిపొడి ఇచ్చాను. రొట్టె ముక్కకి అద్దుకుని, కళ్ళు మూసి నమిలి, "ఎల్లిపాయ తక్కువేసినవ్" అంది. మరుక్షణం డబ్బా తన వైపు లాక్కుని పొయ్యి వెనకాల పెట్టేసుకుంది. "తక్కువైందంటివి గదనే అవ్వా!" అని సువర్ణ. "నేను ఎల్లిపాయ కలుపుకుంట తియ్యి." నిజంగా చెబుతున్నాను, ఆ సంబరంలో నా ప్రశ్న కాసేపు ఎటు పోయిందో తెలియలేదు. పెనం మీదినుంచి వచ్చిన మూడో రొట్టెని ఇద్దరం చెరి సగం చేసుకున్నాం, నాలుగోదాన్ని కూడా.

తొమ్మిదింబావుకి మళ్ళీ మేడ్చల్ వచ్చి, అడ్డరోడ్డున శామీర్‌పేట వెళ్ళే ఆటోలో కూర్చున్నాం. మనిషికి పన్నెండు రూపాయలు, ఇంకో ఐదిస్తే అలియాబాద్ దాకా దింపుతాడు. ఏడుగురు నిండితే గానీ కదలడు, ఆ పావుగంట ఓపిక పట్టాలి. దారి పొడుగునా ద్రాక్షపందిళ్ళు, వాటి మధ్య కొత్తగా పాతిన ప్లాట్ల రాళ్ళు. యాదమ్మ ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. డ్రైవర్‌ని అడిగాను.

"ఏ యాదమ్మ అమ్మా? అలియాబాద్‌ల నాకెరుకైన యాదమ్మలే నలుగురున్నరు."

"చేపలమ్మే యాదమ్మ."

"చేపలమ్మేటోళ్ళు గూడ ఇద్దరున్నరు."

"తూకం అయిపోయాక ఇంకో చిన్న చేప ఊరికే వేసేది."

అతను హారన్ మీద చెయ్యేసి నవ్వాడు. "గట్ల జెప్పాలె గద! కొసరు ఎయ్యకుంటె గామెకు నిద్రవట్టదు. ఇంటి ముంగట్నే దింపుత."

ఇంటి ముందు బండ మీద కూర్చుని యాదమ్మ బొచ్చె చేపని శుభ్రం చేస్తోంది. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని ఎండకి మెరుస్తున్నాయి. జుట్టు నెరిసింది. దారంతా వల్లె వేసుకున్న మాటలు మొదలుపెట్టేలోపే ఆమే తలెత్తి చూసింది. "బొల్లారం అక్కవు గాదు నువ్వు?"

"గుర్తుపట్టారా!"

"పట్టారా గిట్టారా ఏంది? అప్పుడు 'నువ్వు' అనే అంటుంటివి గద."

సువర్ణ పకపకా నవ్వింది. "నన్ను గూడ మొదట్ల ఏడాది పాటు అండీ అండీ అని సంపింది యాదమ్మా."

నేను సంచీలోంచి పొట్లం తీసి, రెండు చేతులతో ముందుకు చాపాను. "నువ్వులు, యాదమ్మా. చిమ్మిలి. నేనే దంచాను."

ఆమె పొట్లాన్ని చూసింది, నన్ను చూసింది. "గా గట్టు మీద వెట్టు" అంది.

నా చేతులు అలాగే ఉండిపోయాయి. "చేతులు సూడు, అన్ని పొలుసులే" అని రెండు అరచేతులూ తిప్పి చూపించింది. నిజమే, అన్నీ పొలుసులే. పొట్లాన్ని గట్టు మీద పెట్టాను.

యాదమ్మ చేతులు కడుక్కుంటూ అంది, "శనివారం గద. మీ ఇంట్ల నీసు ముట్టరు. రొట్టె, పప్పు వెట్టనా?"

పన్నెండేళ్ళ తర్వాత ఆ మాట! "ఇప్పుడా పట్టింపు లేదు, పులుసే పెట్టు" అన్నాను. "ఇగ మారిన్రన్నట్టు" అని నవ్వుతూ మమ్మల్ని లోపలికి, పొయ్యి పక్కకే తీసుకెళ్ళి పీటలేసింది. కూర్చున్నాక నాకు స్ఫురించింది, నేను ఆమెని ఏనాడూ వరండా దాటి లోపలికి రమ్మనలేదని.

పులుసు గురించి ఎంత చెప్పినా తక్కువే. పొద్దున్నే వండి మట్టికుండలో ఉంచిన కొర్రమట్ట పులుసు. చింతపులుపు ముందు తగులుతుంది, తర్వాత ధనియాలు, ఎండుకొబ్బరి, చివర్న దించేముందు చల్లిన మెంతిపిండి చిరుచేదు. ముక్క వేలితో తాకితే విడిపోతుంది గానీ చెదరదు. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. మూడోసారి పెట్టించుకుంటూ, ఇంక ఆగలేక అడిగేశాను.

"యాదమ్మా, ఒకసారి మా ఇంటికి నువ్వుల ఉండలు తెచ్చావు చూడు, తట్ట లేకుండా…"

"ఎప్పుడు?"

"నేను కింద పెట్టమన్నాను."

"ఏమో అక్కా, యాదికి లేదు. ఇంకో ముక్క ఎయ్యనా?"

"మరి రావడం ఎందుకు మానేశావు?"

"మోకాళ్ళు. తట్ట బస్సుల ఎక్కనియ్యకపోతుండె. ఇగ గీడ్నే రోడ్డు మీద కూసుంటున్న. తిను, పులుసు సల్లగైతాంది."

నేను ఊరుకోలేదు. మావైపు నువ్వులు చేతికి అందుకోరని, శనివారమైతే మరీ పట్టింపని, అంతే తప్ప ఇంకే ఉద్దేశమూ లేదని గబగబా చెప్పుకొచ్చాను. ఆమె గరిటె కుండలోనే ఉంచి విన్నది. "మేం గూడ ఉప్పు చేతికియ్యం. నువ్వులకు గూడ ఉంటదని ఎరుకలే" అని, "గట్లుంటె జెప్పాలె గద అక్కా" అంది. కోపం లేదు గొంతులో. ఇంకేముందో నాకు అందలేదు.

వెళ్ళొస్తామని లేచాక గట్టు మీది పొట్లం తనే విప్పింది. ఒక ఉండని రెండుగా విరిచి, సగం నోట్లో వేసుకుని, మిగతా సగం నా ముందుకు చాపింది. "పట్టు." శనివారం, నువ్వులు. చెయ్యి చాపి అందుకున్నాను. ఆమె నములుతూ మొహం చిట్లించింది. "గింత బెల్లమా! మీరు ఏది జేసినా పసిపిల్లలకు జేసినట్టే జేస్తరు." ముగ్గురం ఎంత నవ్వామంటే, ఆమె కోడలు లోపల్నించి వచ్చి ఏమైందని అడిగింది.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు సువర్ణ అంది, "మీ ఇంట్ల శనివారం నీసు ముట్టరని యాదికున్నది, నువ్వులు యాదికి లేవంట. నువ్వే తేల్చుకో." అలియాబాద్ నుంచి మా బొల్లారం పక్కనున్న అల్వాల్‌కి బస్సులో ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా అదే పనిగా ఆలోచించాను. ఆమె నిజంగా మర్చిపోయిందా, నా మొహం చూసి మర్చిపోయానందా? ఇష్టమైన తిండిని పంచుకోవడమంటే వండి పెట్టడమే అనుకునేదాన్ని. ఎలా అందుకుంటామన్నది కూడా అందులో భాగమేనని ఇంత ఆలస్యంగా తెలిసింది. మీరు ఈ దారిన వెళ్ళేట్టయితే ఒక్క సలహా. శామీర్‌పేట, అలియాబాద్‌లలో చేపలు పదకొండు దాటితే దొరకవు, కాబట్టి అత్వెల్లి రొట్టెలు తొమ్మిదికల్లా ముగించండి. మీ ఇంటి వంట ఏదైనా తీసుకెళ్ళండి. తీసుకోవడంలో మీకేదైనా పట్టింపు ఉంటే, అది ఎదుటివాళ్ళకి నోరు తెరిచి చెప్పండి.

యాదమ్మకి గుర్తుందో లేదో నాకు తెలియదు, ఇక అడగను కూడా. కానీ తేలనిది ఇంకొకటుంది, అది నా గురించి. ఆ సంఘటన జరిగిన నెలలోనే మా ఎదురింటి ఆవిడ, మా ఊరివైపు మనిషే, గిన్నెలో నువ్వుపొడి తెచ్చి ఇచ్చింది. అప్పుడు నా చెయ్యి వెనక్కి వెళ్ళలేదు. గిన్నె అందుకున్నాను, లోపలికి రమ్మన్నాను, కాఫీ ఇచ్చాను. గిన్నెలో ఉంది కాబట్టి పట్టింపు లేదనుకున్నానో, వారం వేరే కాబట్టో, మనిషి వేరే కాబట్టో. ఆ రోజు శనివారమా కాదా అని ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురావడం లేదు.