ఎడమ చెవికే వినిపించిన విశ్వనాదం

2009 మార్చి 10, మంగళవారం, ఉదయం తొమ్మిదీ నలభై. అపాయింట్‌మెంట్ తొమ్మిదిన్నరకు. అప్పట్లో నేను ఎడిసన్‌లో ఒక చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో సీనియర్ ఆడియాలజిస్టుని. మందివ్వడం నా పని కాదు. చెవి ఏది వింటోందో, ఏది వినడం లేదో కొలిచి డాక్టరుకు చెప్పడం నా పని. వచ్చినవాడు అఖిల్, ఇరవై ఆరేళ్ల గిటారిస్టు. వెంట తల్లి శారద.

కారణం అడిగితే ఆవిడే చెప్పింది. "జబ్బేం లేదండీ. మావాడికి ఆర్నెల్లుగా అనాహత నాదం, అదే యోగులకు లోపల వినపడేది, వినిపిస్తోంది. ఇన్సూరెన్స్ ఉంది కదా, ఓసారి చూపిద్దామని."

అఖిల్ వివరించాడు. గ్రహాలు తిరుగుతూ పాడతాయని పూర్వపు గ్రీకు తత్త్వవేత్తలు నమ్మారట. లోపలి సంగీతం వినాలంటే 'నేను' కరగాలని పారశీక సూఫీలు అన్నారట. రెండూ చదువుతున్న రోజుల్లోనే చెవిలో సన్నటి ఈల మొదలైంది. దానికే శ్రుతి చేసి ఆల్బమ్ కట్టాడు. వేసవిలో టూర్.

"ఏ చెవిలో?" అన్నాను.

"లెఫ్ట్, ఆంటీ."

"విశ్వం కుడివైపు పాడదా?"

"యూ ఆర్ ఫన్నీ, ఆంటీ."

శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నాను. మామూలు చెవికి ఇరవై డెసిబెల్స్ శబ్దం చాలు. నాలుగు వేల హెర్ట్‌జ్ కీచుస్వరం దగ్గర అతని ఎడమ చెవికి నలభై కావలసివచ్చింది. గ్రాఫులో అక్కడ పడే గుంట సాధారణంగా పెద్ద శబ్దాల దెబ్బకు గుర్తు. తర్వాత అతని ఈలకు సరిపోలే స్వరం వెతికాం. అదీ నాలుగు వేలే. స్టేజి మీద ఎడమ పక్కన ఎవరుంటారని అడిగాను. డ్రమ్మర్ అట.

"నాలుగు వేలంటే హై రేంజేగా అండీ?" అంది శారద.

చెవులకు అచ్చు తీసి, సిలికాన్ ప్లగ్స్ చేయిస్తానన్నాను. పాట వినబడుతుంది, దెబ్బ తగ్గుతుంది. అవి లేకుండా టూర్‌కి వెళితే పోయేది తిరిగి రాదని కూడా చెప్పాను.

"ప్లగ్స్ పెట్టుకుంటే నాకు, గాడ్‌కి మధ్య కర్టెన్ వేసుకున్నట్టు, ఆంటీ."

"మీ ఇద్దరి మధ్యా ఇప్పటికే డ్రమ్మర్ ఉన్నాడు నాయనా."

నవ్వాడు. అచ్చు మాత్రం తీయనివ్వలేదు.

2011 మార్చిలో మళ్లీ వచ్చాడు, ఒంటరిగా, సరిగ్గా వేళకి. ఆల్బమ్ బాగుంది, నేను కొన్నాను. మూడో పాటలో వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. గ్రహాలు, సూఫీలంటూ అతను చదివినదంతా ఆ ఖాళీలో పనికొచ్చింది. ఆ మాటే అన్నాను.

"ఆ గ్యాప్ నాకు వినపడదు, ఆంటీ," అన్నాడు. "విజిలే వస్తుంది."

ఈసారి అచ్చుకి తనే చెవి చూపించాడు.

తత్త్వం పాటకు పనికొస్తుంది, వినికిడి పరీక్షకు పనికిరాదు. చెవిలో నాదమంటూ వచ్చినవారిని ముందు ఏ చెవి అని అడగాలి. అర్థం సంగతి తర్వాత.

రెండేళ్లలో పోయినవి: ఎడమ చెవిలో నాలుగు వేల హెర్ట్‌జ్ దగ్గర ఇరవై ఐదు డెసిబెల్స్. కుడి చెవిలో అక్కడే పది. నిశ్శబ్దం, పూర్తిగా.